డ్రిల్ సార్జెంటా, రిక్రూటరా? అమెరికా ఆర్మీలో ఉన్న మన తెలుగు ఎన్‌సీవోలు ఎలా తేల్చుకోవాలి

అమెరికా ఆర్మీలో ఎన్‌సీవోలుగా, అంటే కింది సోల్జర్లని నడిపించే సార్జెంట్, స్టాఫ్ సార్జెంట్ ర్యాంకుల దాకా వచ్చిన మనవాళ్ళు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నారు. కొందరు 2009లో మొదలై 2016లో ఆగిపోయిన మావ్నీ ప్రోగ్రామ్‌లో (గ్రీన్ కార్డ్ లేకపోయినా కావలసిన భాషలు, వైద్యం తెలిసినవాళ్ళని చేర్చుకున్న పథకం) చేరినవాళ్ళు, కొందరు గ్రీన్ కార్డ్ వచ్చాక చేరినవాళ్ళు, కొందరు అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. ఆ ర్యాంకుకి రాగానే యూనిట్‌లో పెద్దవాళ్ళు చెప్పే మాట ఒకటే, మీ సొంత ఎంవోఎస్ (ఆర్మీలో మీకిచ్చిన వృత్తి) పని కాకుండా బయట ఇంకో డ్యూటీ ఒకటి చేసి రా, ప్రమోషన్ బోర్డు అది చూస్తది అని. ఆ బయట డ్యూటీల్లో బాగా పేరున్నవి రెండు, కొత్తగా చేరినవాళ్ళని సోల్జర్లుగా తయారుచేసే డ్రిల్ సార్జెంట్, అసలు ఆ కొత్తవాళ్ళని వెతికి తెచ్చే రిక్రూటర్. రెండిట్లో ఏది తీసుకోవాలో తేల్చుకోడానికి ఒక వరసలో ఏమేం చూసుకోవాలో చెప్తాను, మీ ఇంటి పరిస్థితికి తగ్గట్టు మార్చుకోండి.

ముందుగా: వాళ్ళు పిలిచేలోపే మీరు అడగండి

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే కాబట్టి మొదట్లోనే చెప్తున్నా. ఈ డ్యూటీలకి రెండు దారులున్నాయి. ఒకటి మీరే వాలంటీర్ అవ్వడం, రెండోది ఫోర్ట్ నాక్స్‌లో ఉన్న హ్యూమన్ రిసోర్సెస్ కమాండ్ మీ ఫైలు చూసి మిమ్మల్ని ఎంపిక చేసి ఆర్డర్లు పంపించడం. రెండో దారిలో వస్తే ఏ డ్యూటీ, ఏ ఊరు, ఏ నెల అనేదాంట్లో మీ మాట పెద్దగా చెల్లదు. 2023 చివర్లో రిక్రూటింగ్ బాగా దెబ్బతిన్న టైంలో వందల మంది ఎన్‌సీవోలకి ఉన్నపళంగా రిక్రూటర్ స్కూల్‌కి రమ్మని ఆర్డర్లు వచ్చాయి, పిల్లల స్కూలు మధ్యలో, భార్య లేదా భర్త ఉద్యోగం మధ్యలో, ఇంటి లీజు మధ్యలో. అందుకే ఏది మంచిది అని ఏళ్ళ తరబడి ఆలోచిస్తూ కూర్చుంటే ఆ నిర్ణయం ఇంకెవరో తీసేసుకుంటారు. మీరు ప్రస్తుతం ఉన్న చోట టైం ఎప్పుడు పూర్తవుతుందో చూస్కోండి, దానికి ఏడాది ముందే మీ బ్రాంచ్ మేనేజర్‌తో (ఆ కమాండ్‌లో మీ పోస్టింగ్‌లు చూసే మనిషి) మాట్లాడటం మొదలుపెట్టండి, ఈ నియామకాల రూల్స్ అన్నీ ఏఆర్ 614-200 అనే ఆర్మీ రెగ్యులేషన్‌లో ఉంటాయి, అందులో ఈ రెండు డ్యూటీల భాగాలు మాత్రం ఒకసారి కూర్చుని మీరే చదవండి, ఎవరో చెప్పింది విని ఊరుకోవద్దు.

తర్వాత: రోజు ఎలా గడుస్తదో తెలుసుకోండి

డ్రిల్ సార్జెంట్ అంటే చాలామందికి ఆ గుండ్రటి టోపీ, అరుపులు గుర్తొస్తాయి. అరుపు అందులో చిన్న భాగం. సౌత్ కరోలినాలో కొలంబియా దగ్గర ఫోర్ట్ జాక్సన్‌లో డ్రిల్ సార్జెంట్ అకాడమీ ఉంటది, సుమారు 9 వారాల కోర్సు, అక్కడ మళ్ళీ ట్రైనీలాగే ఉండాలి. అది పాసయ్యాక బేసిక్ ట్రైనింగ్ జరిగే నాలుగు చోట్లలో ఒకదానికి వెళ్తారు: ఫోర్ట్ జాక్సన్, జార్జియాలో ఫోర్ట్ బెన్నింగ్, మిస్సోరిలో ఫోర్ట్ లియనార్డ్ వుడ్, ఓక్లహోమాలో ఫోర్ట్ సిల్. కాకపోతే బేసిక్ అయ్యాక ఎంవోఎస్ పని నేర్పే ఏఐటీ స్కూళ్ళలో పోస్టింగ్ వస్తది, అక్కడ వాతావరణం కొంచెం వేరు. సాధారణంగా రెండేళ్ళు, కావాలంటే మూడో ఏడాది పొడిగించుకోవచ్చు.

బేసిక్ 10 వారాలు. ఇన్ఫాంట్రీ వాళ్ళకి బేసిక్, ఏఐటీ కలిపి ఒకేచోట 22 వారాలు. ట్రైనీలు తెల్లారుజామున లేస్తారు, మీరు వాళ్ళకంటే ముందే అక్కడుండాలి, వాళ్ళు పడుకున్నాక పేపర్ వర్క్ చేసి వెళ్ళాలి. సైకిల్ (ఒక బ్యాచ్ ట్రైనింగ్) మొదటి వారాల్లో రోజుకి 15 గంటలు పని అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆదివారాలు కూడా ఎవరో ఒకరు డ్యూటీలో ఉండాలి. చివర్లో ద ఫోర్జ్ అని దాదాపు నాలుగు రోజులు ఫీల్డ్‌లో ఉంటారు, ట్రైనీలతో పాటు మీరూ నడవాలి, మీరూ తడవాలి. కానీ ఒక సంగతి ఉంది, దానికి ముగింపు ఉంది. సైకిల్ అయిపోతది, గ్రాడ్యుయేషన్ అయిపోతది, మొదటి రోజు బూట్ల లేసు సరిగ్గా కట్టుకోవడం రాని కుర్రాడు వాళ్ళమ్మ ముందు నిటారుగా నడిచి వెళ్తాడు, మీకు కొన్ని రోజులు ఊపిరి తీసుకునే టైం దొరుకుతది, మళ్ళీ కొత్త బ్యాచ్.

రిక్రూటర్ రోజు దీనికి పూర్తిగా తలకిందులు. స్కూలు ఫోర్ట్ నాక్స్‌లో ఉంటది, 6 నుంచి 8 వారాలు అనుకోండి, తర్వాత మూడేళ్ళు ఏదో ఒక ఊళ్ళో షాపింగ్ కాంప్లెక్స్ పక్కన ఉన్న చిన్న ఆఫీసులో పని. పొద్దున ఫోన్లు, మెసేజ్‌లు, మధ్యాహ్నం హైస్కూల్‌కో కాలేజీకో వెళ్ళి టేబుల్ వేసుకుని కూర్చోవడం, సాయంత్రం పిల్లలు, తల్లిదండ్రులు ఇద్దరూ ఇంట్లో ఉండే టైంకి వాళ్ళింటికి వెళ్ళి మాట్లాడటం. ఒకరు సరే అన్నాక కూడా పని అయిపోదు. అస్వాబ్ అనే ప్రవేశ పరీక్ష రాయించాలి, అందులో ఏఎఫ్‌క్యూటీ అనే స్కోరు మామూలుగా కనీసం 31 రావాలి, మెప్స్ అనే చేరికల కేంద్రంలో మెడికల్ పాసవ్వాలి, చిన్నప్పుడెప్పుడో ఆస్తమా మందు వాడిన కాగితం ఒకటి బయటపడితే వెయివర్ (మినహాయింపు) కోసం నెలలు పట్టొచ్చు, అన్నీ అయ్యాక ట్రైనింగ్‌కి బయల్దేరే రోజు దాకా ఆ పిల్లాడు మనసు మార్చుకోకుండా, ఏ గొడవలోనూ ఇరుక్కోకుండా చూసుకోవాలి. మీకు నెలకి ఇంతమంది అని మిషన్ ఉంటది. ఈ నెల బాగా చేశారా, సంతోషం, ఒకటో తారీఖుకి మళ్ళీ సున్నా నుంచి మొదలు.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఏ రకం ఒత్తిడి మీరు మోయగలరు

రెండూ కష్టమే. తేలికైనది ఏది అని అడిగేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. కానీ కష్టం వచ్చే దారి వేరు, దాన్ని బట్టే తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

డ్రిల్ సార్జెంట్‌కి ఒత్తిడి ఒంటి మీద, నిద్ర మీద పడుతది. మోకాళ్ళు, నడుము, గొంతు. పైగా కోపం అదుపులో ఉండాలి. ట్రైనీలతో ఎలా ప్రవర్తించాలో 350-6 అనే రెగ్యులేషన్ చాలా వివరంగా చెప్తది, చెయ్యి చేసుకోవడం, అవమానించడం, ట్రైనీలతో వ్యక్తిగత సంబంధాలు, ఇవేవీ కుదరవు. ఒక ఆరోపణ వస్తే విచారణ తేలేదాకా మిమ్మల్ని ట్రైనీల దగ్గరనుంచి తీసేస్తారు, నిజమని తేలితే టోపీతో పాటు కెరీర్ కూడా పోవచ్చు. నిద్రలేనప్పుడు మీకు నోరు జారే అలవాటు ఉందా? ఇంట్లోవాళ్ళని అడగండి, వాళ్ళకి బాగా తెలుసు. ఉందంటే అది ముందు సరిచేసుకోండి, లేదా ఈ డ్యూటీ వదిలేయండి. ఎందుకంటే అవతల ఉండేది 18 ఏళ్ళ పిల్లలు, ఇల్లు వదిలి మొదటిసారి బయటికొచ్చినవాళ్ళు, వాళ్ళు ఆర్మీ అంటే ఏంటో మీ మొహం చూసే నేర్చుకుంటారు.

రిక్రూటర్‌కి ఒత్తిడి అంకెల రూపంలో వస్తది, ఒంటరితనం రూపంలో కూడా వస్తది. చుట్టూ బెటాలియన్ ఉండదు, పక్క బారక్స్‌లో స్నేహితుడు ఉండడు, స్టేషన్‌లో నలుగురైదుగురు ఉంటారు, వాళ్ళకీ అదే మిషన్. రోజంతా వద్దు అనే మాట వింటూ మళ్ళీ ఇంకో నంబర్‌కి ఫోన్ చెయ్యాలి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. హ్యూస్టన్ రిక్రూటింగ్ బెటాలియన్‌లో 2005 నుంచి 2008 మధ్య నలుగురు రిక్రూటర్లు ఆత్మహత్య చేసుకున్నారు, ఇరాక్, అఫ్ఘానిస్తాన్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు కూడా అందులో ఉన్నారు, ఆ తర్వాత 2009 ఫిబ్రవరిలో దేశమంతా రిక్రూటింగ్ ఒకరోజు ఆపి ఈ విషయం మీదే మాట్లాడారు. అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది, అయినా యుద్ధం నుంచి తిరిగొచ్చాక నిద్ర పట్టకపోవడం, మనసు బాగోకపోవడం లాంటివి మీకుంటే ముందు వైద్యం, తర్వాతే డ్యూటీ. సాయం అడిగితే కెరీర్ పోతదనుకుని దాచుకోవద్దు, దయచేసి.

ఇంకో ముక్క, రిక్రూటర్‌కి ఎదురయ్యే నీతి పరీక్ష. నెలాఖరు, మిషన్‌కి ఒకరు తక్కువ, ఎదురుగా ఒక అబ్బాయి చిన్నప్పటి సర్జరీ గురించి చెప్పాలా వద్దా అని మిమ్మల్నే అడుగుతాడు. చెప్పు అనే జవాబు మీ నోట్లోంచి ఆలోచించకుండా రావాలి. అలా వస్తదని మీ మీద మీకు నమ్మకం ఉంటేనే వెళ్ళండి.

మాట్లాడటం ఇష్టమా కాదా అనేదాని మీద చాలామంది తేలుస్తారు, మాటకారి అయితే రిక్రూటర్, కాకపోతే డ్రిల్ అని. అది సరిపోదు. మాటకారులు కాకపోయినా ఓపిగ్గా వినేవాళ్ళు రిక్రూటింగ్‌లో బాగా నిలబడతారు, ఎందుకంటే ఆ పిల్లాడికి ఏం కావాలో వినకుండా ఆర్మీ గురించి గంట ఉపన్యాసం ఇస్తే ఎవరూ చేరరు. అలాగే గొంతు పెద్దదైనంత మాత్రాన డ్రిల్‌కి పనికిరారు, ఒకే పాఠం ఏడాదికి నాలుగైదు బ్యాచ్‌లకి, మొదటిసారి చెప్తున్నంత శ్రద్ధగా చెప్పగలగాలి.

మన యాస గురించి కూడా ఒక మాట. ఇంగ్లీషులో తెలుగు యాస ఉంటే డ్రిల్ సార్జెంట్‌గా పనికిరామేమో అని కొందరు వెనక్కి తగ్గుతారు. కమాండ్ స్పష్టంగా, గట్టిగా, టైముకి రావాలి, అంతే. యాస అడ్డం కాదు. పైగా ట్రైనీల్లో వేరే దేశాల్లో పుట్టినవాళ్ళు బాగానే ఉంటారు, గ్రీన్ కార్డ్ మీద చేరి ట్రైనింగ్‌లోనే పౌరసత్వానికి అప్లై చేసుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి మీ పేరున్న నేమ్ టేప్ ఆ టోపీ కింద కనబడటం ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను. ఆడవాళ్ళకైతే ఇంకో సంగతి, మహిళా డ్రిల్ సార్జెంట్లు 1972 నుంచే ఉన్నారు, 2009లో డ్రిల్ సార్జెంట్ స్కూల్‌కే ఒక మహిళ, టెరీసా కింగ్, కమాండెంట్ అయ్యారు. మనవాళ్ళలో ఆడపిల్లలు ఈ డ్యూటీ మనది కాదనుకోవాల్సిన పనేం లేదు.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, ఒక పూట కేటాయించి

ఇది ఆఖర్న చెప్పే మాట కాదు, సగం నిర్ణయం ఇక్కడే జరగాలి. డ్రిల్ అయితే మీరుండేది పెద్ద పోస్టు దగ్గర. ఆసుపత్రి, కమిసరీ (ఆర్మీవాళ్ళ కిరాణా షాపు), తోటి ఆర్మీ కుటుంబాలు అన్నీ దగ్గర్లో ఉంటాయి. ఇబ్బందల్లా మీరే ఇంట్లో ఉండరు. చంటిబిడ్డ ఉండి, భార్య ఒక్కతే చూసుకోవాల్సి వచ్చి, ఊళ్ళో ఎవరూ తెలియకపోతే ఆ రెండేళ్ళు ఆమెకి చాలా భారం, కాబట్టి ఇండియా నుంచి అమ్మావాళ్ళో అత్తయ్యావాళ్ళో వచ్చి ఉండగలరా, వీసా స్లాట్లు ఎలా ఉన్నాయి అనేది ముందే చూసుకోవాలి. ఊళ్ళ తేడా కూడా ఉంది. జాక్సన్ కొలంబియా ఊళ్ళోనే ఉన్నట్టు లెక్క, బెన్నింగ్ నుంచి అట్లాంటా రెండు గంటల లోపు, అట్లాంటాలో గుడి, కిరాణా, తెలుగువాళ్ళు అన్నీ ఉన్నాయి. లియనార్డ్ వుడ్ మాత్రం అడవుల మధ్య, సెయింట్ లూయిస్ దాకా రెండు గంటల ప్రయాణం, మీ ఇంట్లో వాళ్ళది ఐటీ ఉద్యోగమై రిమోట్ కాకపోతే కష్టం. సిల్ నుంచి ఓక్లహోమా సిటీ గంటన్నర.

రిక్రూటర్ అయితే మామూలు ఊళ్ళో మామూలు మనుషుల మధ్య ఉంటారు. ఇంట్లో రెండో మనిషికి ఉద్యోగం దొరకడానికి ఇదే మేలు. డాలస్ వైపో, న్యూజెర్సీ వైపో పడితే మన జనం కూడా చుట్టూ ఉంటారు, అయితే అడిగిన చోటే వస్తదని ఎవరూ మాటివ్వరు, ఉత్తర డకోటాలో ఒక చిన్న టౌన్ కూడా రావొచ్చు. పోస్టుకి దూరంగా ఉంటే ఆర్మీ ఆసుపత్రి ఉండదు, ట్రైకేర్ ప్రైమ్ రిమోట్ అనే సైనిక ఆరోగ్య బీమాలో బయట డాక్టర్లని చూసుకోవాలి, ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బుంటే ఈఎఫ్ఎంపీలో (ప్రత్యేక వైద్యం కావాల్సిన కుటుంబ సభ్యుల కోసం ఉన్న ప్రోగ్రామ్) నమోదు చేయించి ఆ తర్వాతే ఊళ్ళ గురించి మాట్లాడండి. రాత్రికి ఇంటికొచ్చి మీ మంచం మీదే పడుకుంటారు, అది నిజం, కానీ అన్నం తింటుండగా ఫోన్ మోగుతది, అదీ నిజమే.

సెలవుల సంగతి. డ్రిల్‌లో సైకిల్ మధ్యలో సెలవు దొరకడం చాలా కష్టం. డిసెంబర్‌లో రెండు వారాల పాటు ట్రైనింగ్ ఆపి ట్రైనీలని ఇళ్ళకి పంపిస్తారు, ఇండియా ప్రయాణం పెట్టుకుంటే అప్పుడే, సంక్రాంతికి మాత్రం ఉండలేరు. ఊళ్ళో చెల్లి పెళ్ళి ఉంటే ముహూర్తం పెట్టేముందే మీ సైకిల్ తేదీలు ఇంట్లో చెప్పండి, పెట్టాక చెప్తే ఇంట్లో గొడవే. రిక్రూటింగ్‌లో సెలవు స్టేషన్ కమాండర్‌తో మాట్లాడుకుని పెట్టుకోవచ్చు, మిషన్ చేరుకున్న నెల అయితే తేలిక. రెండిట్లో ఎక్కడున్నా దేశం దాటాలంటే అనుమతులకి టైం పడుతది, టికెట్ ముందు కొనేయొద్దు.

డబ్బు, ప్రమోషన్ గురించి

డబ్బు చూసి తేల్చుకోవద్దు అని చెప్పడానికి ఈ భాగం చిన్నగా రాస్తున్నా. రెండిటికీ స్పెషల్ డ్యూటీ పే ఉంది, నెలకి 75 డాలర్ల నుంచి 450 డాలర్ల దాకా మెట్లుంటాయి, ఏ డ్యూటీ ఏ మెట్టులో ఉందనేది ఆర్మీ అప్పుడప్పుడు మారుస్తది, మీరు వెళ్ళే ఏడాది మిల్పర్ మెసేజ్ (సిబ్బంది విషయాల మీద ఆర్మీ ఇచ్చే ప్రకటన) చూసుకోండి. తేడా వచ్చినా మీ జీవితం మార్చేంత ఉండదు.

ప్రమోషన్‌కి రెండూ బలమే, అయితే మీ ఎంవోఎస్‌ని బట్టి. డీఏ ప్యామ్ 600-25 అనే ఎన్‌సీవోల కెరీర్ గైడ్‌లో మీ బ్రాంచ్ అధ్యాయం తీసి చూడండి, తర్వాత మీ బ్రాంచ్‌లో ఈ మధ్యే మాస్టర్ సార్జెంట్ అయినవాళ్ళు ఏ డ్యూటీలు చేశారో కనుక్కోండి, ఆ రెండూ కలిపి చూస్తే బొమ్మ తెలిసిపోతది. సైనికుల మధ్య ఉండి నడిపించే పని ఇంకా కావాలనుకుంటే డ్రిల్. ఆర్మీ వదిలాక సేల్స్, హెచ్ఆర్, రియల్ ఎస్టేట్ లాంటి వాటివైపు వెళ్ళాలనుకుంటే రిక్రూటర్‌గా గడిపిన మూడేళ్ళు బాగా పనికొస్తాయి. రిక్రూటింగ్ బాగా నచ్చితే అక్కడే ఉండిపోయే దారి కూడా ఉంది, రిక్రూటింగ్‌నే మీ ఎంవోఎస్‌గా మార్చుకోవచ్చు. ఆర్మీ 2022లో 60,000 మంది కావాలనుకుని సుమారు 15,000 తక్కువ పడింది, 2023లోనూ అందుకోలేదు, 2024లో 55,000 లక్ష్యం చేరుకుంది. ఆ దెబ్బ తర్వాత రిక్రూటింగ్‌ని ప్రత్యేక వృత్తిగా చేస్తూ 42టీ అనే కొత్త ఎంవోఎస్ కూడా తెచ్చారు. అంటే ఈ పని తెలిసినవాళ్ళకి విలువ పెరుగుతున్న టైం ఇది.

కాగితాలు సర్దుకోండి

రెండు డ్యూటీలకీ బ్యాక్‌గ్రౌండ్ స్క్రీనింగ్ గట్టిగా ఉంటది. గృహహింస, లైంగిక వేధింపులు లాంటి కేసులు ఫైల్లో ఉంటే దారి మూసుకున్నట్టే. డ్రిల్‌కి బిహేవియరల్ హెల్త్ మూల్యాంకనం ఉంటది, ఫిట్‌నెస్ టెస్ట్ పాసై ఉండాలి, 2025 జూన్ నుంచి కొత్త ఏఎఫ్‌టీ వచ్చింది కాబట్టి పాత స్కోరు పట్టుకుని కూర్చోవద్దు. రిక్రూటర్‌కి డ్రైవింగ్ లైసెన్స్ కావాలి, అప్పులు అదుపులో ఉండాలి. క్రెడిట్ కార్డ్ బాకీలుంటే ఆర్నెల్ల ముందునుంచే తగ్గించుకోండి, ఊరికి పంపే డబ్బుల వల్ల కూడా కొందరు ఇక్కడ ఇబ్బంది పడతారు. ఒంటరిగా పిల్లల్ని పెంచుతుంటే, లేదా ఇద్దరూ ఆర్మీలోనే ఉంటే ఫ్యామిలీ కేర్ ప్లాన్ (మీరు లేనప్పుడు పిల్లల్ని ఎవరు చూస్తారో చెప్పే ఏర్పాటు) పక్కాగా ఉండాలి, పిల్లల్ని ఇండియాలో అమ్మ చూసుకుంటదిలే అని కాగితం మీద రాసి వదిలేస్తే నడవదు.

ఇవి చేస్తూనే ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. డ్రిల్ చేసి వచ్చిన ఒకరు, రిక్రూటర్‌గా ఇప్పుడు పనిచేస్తున్న ఒకరు, కుదిరితే వాళ్ళ ఇంట్లోవాళ్ళు కూడా. ఎలా ఉంది అని అడిగితే బాగుంది అంటారు. నిన్న ఎన్నింటికి ఇంటికి వెళ్ళావు, కిందటి నెల పిల్లల స్కూల్ ఫంక్షన్‌కి వెళ్ళగలిగావా, మళ్ళీ అడిగితే వెళ్తావా, ఇలా అడగండి. వీలైతే దగ్గర్లోని రిక్రూటింగ్ స్టేషన్‌కి ఒక శనివారం వెళ్ళి ఊరికే కూర్చుని చూడండి.

ఆ తర్వాత బ్రాంచ్ మేనేజర్‌కి మెయిల్ పెట్టండి, పొడుగ్గా వద్దు. పేరు, ర్యాంక్, ఎంవోఎస్, ఏ డ్యూటీకి వాలంటీర్ అవుతున్నారు, ఏ నెలల్లో రిపోర్ట్ చేయగలరు, మూడు చోట్లు వరసగా, ఇంట్లో ప్రత్యేక అవసరాలుంటే ఒక లైను. ఫస్ట్ సార్జెంట్‌కి ముందే చెప్పి పెట్టండి, ఆయనకి తెలియకుండా వెళ్తే బాగుండదు.

ఆర్డర్లు వచ్చాక స్కూల్‌కి ఇంటి దగ్గరే మొదలుపెట్టొచ్చు. డ్రిల్ అకాడమీలో మాడ్యూల్స్ (ఒక్కో డ్రిల్ కదలికని నేర్పే పాఠాలు) ఒక్క పదం పొల్లుపోకుండా కంఠతా చెప్పాలి, పొజిషన్ ఆఫ్ అటెన్షన్ (సావధాన్‌గా నిలబడటం) నుంచి మొదలుపెట్టి గ్యారేజీలో నిలబడి పైకి గట్టిగా చెప్పుకోండి, మనసులో చదివితే అక్కడ ట్రైనీల ముందు నోరు తిరగదు. రిక్రూటర్ స్కూల్‌కి అయితే మీరు ఆర్మీలో ఎందుకు చేరారో, చేరాక ఏం మారిందో రెండు నిమిషాల్లో చెప్పేలా తయారుచేసుకోండి. మాస్టర్స్ చెయ్యకుండా ఆర్మీ ఏంట్రా అని అప్పట్లో మీ నాన్న అడిగిన ప్రశ్నకి మీరు ఇప్పుడు ఏం జవాబు చెప్తారో దాన్నుంచే మొదలుపెట్టండి, ఎందుకంటే రేపు మీరు వెళ్ళే ఇళ్ళల్లో తల్లిదండ్రులు అడిగేది కూడా అదే.